సముద్రం మీద కురిసిన వాన

సముద్రంలో కురిసిన వాన వృథా అని పాత సుభాషితం. పొలాన్ని మనసులో పెట్టుకుని అన్న మాట అది. కానీ సముద్రానికీ ఓ పంట ఉంది: కంటికి ఆనని వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే సూక్ష్మమైన మొక్కల్లాంటి జీవులు. భూగోళం మొత్తమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే.

ఈ పంటకు ఎండకీ నీటికీ లోటు లేదు, ఉన్న కరువల్లా ఎరువుకే. నడిసముద్రపు పైపొరలో నత్రజని ఎరువైన నైట్రేటును ప్లవకాలు ఎప్పటికప్పుడు తినేస్తాయి. వానేమో వట్టి నీరు కాదు. మెరుపుల వల్ల పుట్టిన నైట్రేటు, బండ్లూ బొగ్గు కరెంటు కేంద్రాలూ వదిలే పొగ, చేలో చల్లిన యూరియా నుంచి ఆవిరైన అమ్మోనియా, అన్నిటినీ గాలిలోంచి కడిగి కిందికి దించుతుంది. చాలా రోజుల పొడి తర్వాత పడే మొదటి వానలో ఇవి మరీ ఎక్కువ.

చిన్న లెక్క వేద్దాం. లీటరు వాననీటిలో 20 మైక్రోమోళ్ల (మోల్ అనేది రసాయనాలను కొలిచే ప్రమాణం) నైట్రేటు ఉందనుకోండి. 10 మిల్లీమీటర్ల వాన 10 మీటర్ల లోతు దాకా కలిస్తే వెయ్యి రెట్లు పలచబడి, లీటరుకు 20 నానోమోళ్లవుతుంది (మైక్రోమోల్‌లో వెయ్యో వంతు నానోమోల్). ఏరు కలిసే తీరంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. నైట్రేటు అడుగంటిన నడిసముద్రంలో మాత్రం అప్పటికి ఉన్నదే అంత ఉండొచ్చు.

అమెరికాలోని నార్త్ కరోలినా తీరపు నీటిలో నత్రజని ఎక్కువున్న ఆమ్లవర్షం కలిస్తే ప్లవకాల ఉత్పత్తి పెరుగుతుందని శాస్త్రవేత్త హాన్స్ పెర్ల్ 1985లోనే చూపించాడు. అయితే ఒక్క యూరియా చల్లితే పైరు ఏపుగా లేచి ఆగిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. ప్లవకాలకు సుమారు 16 పాళ్ల నత్రజనికి ఒక పాలు భాస్వరం కావాలి. వానలో భాస్వరం బహు తక్కువ, సిలికా దాదాపు సున్నా. సిలికా పెంకు కట్టుకునే డయాటమ్‌లనే ప్లవకాలకు దీనివల్ల పెద్ద లాభం లేదు. కాబట్టి ఎంత పెరిగిందన్నదే కాదు, ఏ జాతి పెరిగిందన్నదీ చూడాలి.

2008లో శాస్త్రవేత్త రాబర్ట్ డ్యూస్ బృందం వేసిన అంచనా నాకు మరీ ఆసక్తికరం. బయటి నుంచి సముద్రాల్లోకి వచ్చే నత్రజనిలో మనుషుల పనుల వల్ల గాలి మీదుగా చేరేది మూడో వంతు దాకా ఉండొచ్చట. అయినా సముద్రంలో ఏటా కొత్తగా పెరిగే పంటలో దాని వాటా సుమారు 3 శాతానికి మించదు. ఎందుకంటే పోషకాల అసలు నిల్వ లోతుల్లో ఉంది.

మన బంగాళాఖాతంలో చిక్కంతా ఇక్కడే. వానలూ, గంగా బ్రహ్మపుత్రల నుంచి గోదావరి, కృష్ణల దాకా నదులూ కలిసి తేలికైన మంచినీటి పొరను పైన పరుస్తాయి. ఆ పొర అడుగునున్న పోషకాలను పైకి రానివ్వదు. వాన పైనుంచి ఇచ్చేది గుప్పెడు, కిందనుంచి రాకుండా ఆపేది బస్తాలు. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాల ఉత్పత్తి తక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

తుఫాను వెళ్లాక ఉపగ్రహ చిత్రాల్లో సముద్రం పచ్చబడితే ఆ ఘనతను వాన ఖాతాలో వేయకూడదు. ఎక్కువ భాగం గాలిదే. అది మంచినీటి పొరను చీల్చి లోతునీటిని పైకి తెస్తుంది.