ఇంటిపేరుతో పాటు దేశమూ మారిపోయింది

పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనకు తెలుసు. అమెరికాలో ఒకప్పుడు దేశం కూడా మారిపోయేది. విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీకి భర్త పౌరసత్వమే వర్తిస్తుందని 1907 మార్చి 2న వచ్చిన చట్టం తేల్చింది. మగవాళ్లకు ఈ బెడద లేదు. పైగా అమెరికన్‌ను పెళ్లాడిన విదేశీ వధువుకు పౌరసత్వం దానంతట అదే వచ్చేది.

ఈ సంగతి ఎథెల్ మెకెంజీకి ఓటు దగ్గర తగిలింది. ఆమె కాలిఫోర్నియాలో పుట్టి పెరిగింది. స్కాట్లండ్‌కు చెందిన గాయకుణ్ణి పెళ్లాడింది కానీ ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. 1911లో ఆ రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటుహక్కు రావడానికి పోరాడినవాళ్లలో ఆమె ఒకరు. తీరా పేరు నమోదుకు వెళ్తే, నువ్వు ఈ దేశస్థురాలివే కావన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫలితం తెలిసే పెళ్లి చేసుకుంది కాబట్టి అది ఆమె ఇష్టప్రకారం జరిగినట్టేనని 1915లో తీర్పు వచ్చింది. పెళ్లికి ఒప్పుకోవడం అంటే దేశాన్ని వదులుకోవడానికి ఒప్పుకోవడం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. జర్మన్‌ను చేసుకున్న అమెరికన్ స్త్రీ ఒక్కసారిగా శత్రుదేశస్థురాలైంది. 1918 జూన్‌లో అలాంటివాళ్లంతా వేలిముద్రలు, ఫొటోలు ఇచ్చి పేర్లు రాయించుకోవాల్సి వచ్చింది. సరిగ్గా అంతకుముందు నెలలోనే, సైన్యంలో చేరిన విదేశీయులకు అయిదేళ్ల నివాసం షరతు లేకుండా పౌరసత్వం ఇచ్చే చట్టం తెచ్చారు. శిబిరాల్లోనే ప్రమాణాలు చేయించారు.

ఆ దారిలో వెళ్లిన పంజాబీ సైనికుడు భగత్ సింగ్ థింద్. 1918 డిసెంబరులో యూనిఫాంలోనే పౌరసత్వం అందుకున్నాడు. నాలుగు రోజులకే రద్దు చేశారు. 1920లో పౌరసత్వం మళ్లీ వస్తే, పౌరసత్వ చట్టం చెప్పే 'తెల్లవాళ్లు' భారతీయులు కారంటూ 1923లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఆ తీర్పు దెబ్బ అమెరికన్ ఆడవాళ్లకూ తగిలింది. 1922 సెప్టెంబరు 22న వచ్చిన కేబుల్ చట్టం పెళ్లికీ పౌరసత్వానికీ ముడి విప్పింది, కానీ ఒక మెలిక పెట్టింది: భర్తకు అమెరికా పౌరుడయ్యే అర్హత ఉండాలి. థింద్ తీర్పుతో మనవాళ్లకు, పంజాబీ అయినా తెలుగువాడైనా, ఆ అర్హత పోయింది. స్వాతంత్ర్య ఉద్యమకారుడు తారకనాథ్ దాస్‌ను పెళ్లాడిన మేరీ అక్కడ పుట్టినామె, అయినా ఆమె పౌరసత్వం పోయినట్టే లెక్కగట్టారు. 1931లో గానీ ఈ మెలిక తొలగలేదు. థింద్‌కు మాజీ సైనికుడి హోదాలో 1936లో పౌరసత్వం దక్కింది.

అదే 1936లో, పాత చట్టం కింద నష్టపోయి, భర్త చనిపోయిన లేదా విడాకులైన స్త్రీలకు దారి తెరిచారు. భర్తతో కాపురం చేస్తున్నవాళ్లు 1940 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా హక్కులు కావాలంటే పుట్టిన గడ్డ మీదే, బయటి నుంచి వచ్చినవాళ్లలా విధేయత ప్రమాణం చేయాలి. ఆ 1907 చట్టానికి అమెరికా సెనేట్ విచారం వ్యక్తం చేసింది 2014లో.