పైనున్నదే అసలుది ఎందుకయింది?

అనంతపురంలో మా మామ స్టవ్ రిపేరు కోసం ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి, ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ కావాలని అడిగాడు. అన్నిటికన్నా పైన వచ్చిన నంబరుకే ఫోన్ చేశాడు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, పది రూపాయలు కట్టమని లింకు పంపాడు. కాసేపటికి ఖాతాలోంచి తొమ్మిది వేలు పోయాయి. "పైన ఉండేదే కదప్పా అసలుది" అంటాడు మామ ఇప్పటికీ.

ఈ నమ్మకం పాతదే. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి తెచ్చినా, అది ముందు మహానగరాలకే. మా ఊళ్లో చాలామంది నెట్ చూసింది ఆ తర్వాత కొన్నేళ్లకు, నెట్ సెంటర్లలోనే. ఇంటర్ ఫలితాల రోజు గుర్తుందా? హాల్ టికెట్ నంబరు అరచేతిలో రాసుకున్న పిల్లలు, వాళ్ల కంటే ఎక్కువ టెన్షన్‌తో తండ్రులు. "అన్నా, మావోనిది చూడన్నా" అంటే వెతికేది సెంటర్ అన్నే. అతను తీసిచ్చిన ప్రింటే ఖాయం. అది ఏ సైటు, ఎవరిది అని అడిగే పని మనకు పడలేదు.

అప్పటికి వెతుకులాట తీరే మారుతోంది. 1994లో మొదలైన యాహూలో సైట్లను మనుషులే చూసి వరుసల్లో పేర్చేవాళ్లు. 1998లో వచ్చిన గూగుల్, ఒక పేజీకి ఎక్కడెక్కడి నుంచి లింకులున్నాయో లెక్కగట్టి పైకి తెచ్చింది. పైన ఉండటానికి అదొక అర్హత. 2000 నుంచి మాత్రం డబ్బు కట్టిన ప్రకటనలూ అక్కడికి చేరాయి. అది ప్రకటన అని చెప్పే ముక్క ఎంత చిన్నదంటే, కళ్లద్దాలున్నా మామకు ఆనదు. పైగా మ్యాప్‌లో కనిపించే ఫోన్ నంబర్లకు ఎవరైనా మార్పు సూచించొచ్చు.

మనకు అన్నిటికన్నా పెద్ద అడ్డం భాష. ఇంగ్లిష్ అక్షరాల్లో 'చీనీ రేటు' అని కొడితే మన చీనీకాయల (బత్తాయిల) ధరతో పాటు హిందీవాళ్ల చక్కెర ధరా వచ్చిపడేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాట వినడం మొదలుపెట్టింది. టైపింగ్ రాని రైతు ఇప్పుడు "ఈరోజు అనంతపురం మార్కెట్లో చీనీ టన్ను ఎంత పలికింది" అని ఎదుటి మనిషిని అడిగినట్టే అడుగుతాడు. ఫోన్ కూడా ఒక్కోసారి గొంతుతోనే జవాబు చెబుతుంది. నెట్ సెంటర్ అన్న మళ్లీ దొరికినట్టే. తేడా ఒకటే: పొరపాటైతే ఆ అన్నను మరునాడు వెళ్లి నిలదీయొచ్చు.

సైబర్ మోసాలకున్న 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. కంపెనీ అసలు నంబరు వారంటీ కార్డు వెనకే ఉంది. ఆ కార్డు స్టవ్ కొన్న రోజు నుంచీ బీరువాలో, చీరల కింద భద్రం.