వృద్ధులకు ప్రభుత్వ దంత వైద్యం: ఫలితాల లెక్కలపై అపోహలు - వాస్తవాలు

వృద్ధుల కోసం నడిచే ప్రభుత్వ దంత వైద్య పథకాలు ఎంత మేలు చేస్తున్నాయో పరిశీలించడం నా పని. నివేదికల్లో పదే పదే కనిపించే కొన్ని నమ్మకాలు ఇవి.

అపోహ: ఎంత ఎక్కువ మందికి కట్టుడు పళ్ళు ఇస్తే పథకం అంత బాగా నడిచినట్టు.

వాస్తవం: ఇచ్చిన సెట్ల సంఖ్య ఖర్చు లెక్కకు పనికొస్తుంది. వాటితో తింటున్నారా అన్నది వేరే సంగతి. ఇంటికి వెళ్ళి అడిగితే సెట్టు చేతిరుమాల్లో చుట్టి అలమరలో పెట్టి ఉంటుంది. "కింద ఒరుసుకుపోతోంది బాబూ, ముద్ద నోట్లో పెట్టుకోగానే తీసేస్తాను" అంటారు. దవడ ఎముక అరిగిపోయినవాళ్ళకు కింది సెట్టు నిలవడం నిజంగానే కష్టం. సరిచేయించుకోవడానికి మళ్ళీ రావచ్చని చాలామందికి తెలియదు. కొన్ని నెలలు ఆగి, "తినేటప్పుడు పెట్టుకుంటున్నారా?" అని అడగని నివేదికను నేను నమ్మను.

అపోహ: పుచ్చినవి, పోయినవి, ఫిల్లింగ్ చేసినవి కలిపి లెక్కపెట్టే డీఎంఎఫ్‌టీ సూచీ ఒక్కటి చాలు.

వాస్తవం: పుచ్చిన పన్నుకు ఫిల్లింగ్ చేసినా, దాన్ని పీకేసినా ఈ మొత్తం మారదు. పన్ను కాపాడిన డాక్టరుకూ తీసేసిన డాక్టరుకూ ఒకే మార్కు! అందుకే మూడు అంకెలనూ విడివిడిగా చూడాలి. చిగుళ్ళు కిందికి జారిన వయసులో పంటి వేరు దగ్గర వచ్చే పుచ్చును వేరుగా రాసుకోవాలి. వాటితోపాటు, వృద్ధుల నోటి ఆరోగ్యం గురించి వాళ్ళనే అడిగి తెలుసుకునే గోహాయ్ (GOHAI) లాంటి ప్రశ్నావళి కావాలి. 1990లో వచ్చిన ఇందులో 12 ప్రశ్నలు ఉంటాయి. నమలడం, మింగడం, మాట్లాడటం, నలుగురిలో కూర్చుని తినడానికి ఇబ్బందిపడటం లాంటివి అడుగుతారు.

అపోహ: వచ్చినవాళ్ళంతా తృప్తిగా ఉన్నారు, ఇంకేం కావాలి?

వాస్తవం: రానివాళ్ళ మాటేమిటి? మంచాన పడ్డవాళ్ళు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు, తోడు లేనివాళ్ళు ఆ సర్వేలోకే రారు. అర్హులందరి జాబితా దగ్గర మొదలుపెట్టాలి.

అపోహ: పెద్దవాళ్ళకు ఎక్కువ పళ్ళు మిగిలితే ఆ ఘనత పథకానిదే.

వాస్తవం: 80 ఏళ్ళకు 20 సొంత పళ్ళు ఉండాలని జపాన్ 1989లో "8020" ఉద్యమం మొదలుపెట్టింది. 2016 సర్వే నాటికి ఆ వయసువాళ్ళలో సగం మంది దాన్ని అందుకున్నారు. ఎంతో సంతోషించాల్సిన విషయమే. కానీ ఈలోగా ఫ్లోరైడ్ పేస్టు వాడకం పెరిగింది, తరమే మారింది. పోల్చడానికి మరో గుంపు లేకుండా దేని వాటా ఎంతో తేల్చలేం. పైగా పళ్ళు మిగిలేకొద్దీ పంటి వేరు దగ్గరి పుచ్చు, చిగుళ్ళ జబ్బు పెరుగుతాయి. నోరు ఎండబెట్టే మందులు వాడేవాళ్ళకు మరీను. అలాంటప్పుడు చికిత్సల ఖర్చు పెరిగిందని పథకాన్ని తప్పుపట్టడం అన్యాయం.