చెడు కబురు తెచ్చినవారిని ఎలా చూస్తున్నాం? షిఫ్టు నాయకత్వంపై అపోహలు - వాస్తవాలు

మాత్రల ప్యాకింగ్ విభాగంలో నేను షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి యంత్రంలో సీలు సరిగా పడలేదు. ఆపరేటరు ఆ సంగతి నలభై నిమిషాల ముందే గమనించాడు. నాకు చెప్పలేదు. ఎందుకని అడిగితే చాలాసేపు తల వంచుకుని నిలబడి, "పోయిన వారం చెప్పినందుకు అందరి ముందు తిట్టారు కదా సార్" అన్నాడు. నిజమే, తిట్టాను. ఆ నలభై నిమిషాల సరుకంతా పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్త సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ముందుగా ఈ సంగతే చెబుతాను. పని సంస్కృతి గురించి గోడల మీద ఎన్ని మాటలు రాసినా, కార్మికుడు చూసేది ఒక్కటే: చెడు కబురు తెచ్చినప్పుడు మన ముఖం ఎలా మారుతుందని. శిక్షణలో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు.

వాస్తవం: కఠినంగా ఉండాల్సిందే, కానీ దేని విషయంలో అన్నది ముఖ్యం. పాల్ ఓనీల్ 1987లో అమెరికా అల్యూమినియం సంస్థ అల్కోవా పగ్గాలు చేపట్టి, మదుపుదార్లతో జరిగిన తొలి సమావేశంలో లాభాలకన్నా ముందు కార్మికుల భద్రత గురించి మాట్లాడారు. ఎవరికైనా గాయమైతే ఆ విభాగాధిపతి 24 గంటల్లో తనకు తెలియజేయాలనీ, అది మళ్లీ జరగకుండా ఏం చేయబోతున్నారో చెప్పాలనీ నియమం పెట్టారు. మెక్సికోలోని ఒక కర్మాగారంలో జరిగిన ఘటనను పైకి తెలియనివ్వని ఉన్నతాధికారిని ఉద్యోగం నుంచే తొలగించారు. ఆయన సహించనిది దాచిపెట్టడాన్ని.

నేను అలవాటు చేసుకున్న పద్ధతి చిన్నది. తప్పు జరిగిందని ఎవరైనా వచ్చి చెబితే నా మొదటి మాట "చెప్పి మంచి పని చేశావు". రెండో మాట "ఇప్పుడు యంత్రం ఎలా ఉంది?" ఎవరు చేశారన్న ప్రశ్న ఆ షిఫ్టులో అడగను. తెలిసి చేసిన నిర్లక్ష్యమని తేలితే మర్నాడు గదిలో కూర్చోబెట్టి మాట్లాడతాను, హెచ్చరిక పత్రం ఇవ్వాల్సి వస్తే ఇస్తాను. నలుగురిలో మాత్రం ఒక్క మాటా అనను. ఈ అలవాటు నాకు కుదరడానికి రెండేళ్లకు పైగా పట్టింది. కోపం వచ్చిన క్షణంలో చేతిలోని పెన్ను జేబులో పెట్టుకుని, ఒక్కసారి ఊపిరి తీసుకుని నోరు తెరవడం నేర్చుకున్నాను.

అపోహ: తప్పులు తక్కువ నమోదైన విభాగమే మంచి విభాగం.

వాస్తవం: హార్వర్డ్ ఆచార్యురాలు అమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తలకిందులుగా వచ్చింది. ఆ బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి, ఎందుకంటే అక్కడివారు భయం లేకుండా చెప్పుకోగలుగుతున్నారు. లాగ్ పుస్తకంలో మూడు నెలల పాటు "ఏమీ లేదు" అనే కనిపిస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

అపోహ: మన మనుషులే అంత, వీళ్లు మారరు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కర్మాగారం గైర్హాజరుతో, గొడవలతో విసిగిపోయి 1982లో మూతపడింది. టయోటా భాగస్వామ్యంతో 1984లో మళ్లీ తెరిచినప్పుడు తీసుకున్నవారిలో ఎక్కువ మంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా పాతదే. కొద్ది కాలంలోనే అక్కడి కార్లు నాణ్యతలో జపాన్ కార్లకు దీటుగా నిలిచాయి. అక్కడ లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా లైన్ పక్కనున్న తాడు లాగి సాయం పిలవగలిగేవాడు. లాగగానే బృంద నాయకుడు వచ్చి సాయపడేవాడు, అక్కడికక్కడే సరికాకపోతే లైన్ ఆగేది. మనుషులు వాళ్లే, వాళ్లు పిలిచినప్పుడు వచ్చేవారి తీరు మారింది.

అపోహ: పుట్టినరోజు కేకు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఉంటే చాలు.

వాస్తవం: ఉండాలి, నేనూ వెళతాను. చెల్లెలి పెళ్లికని ముందే మంజూరైన సెలవును రెండు రోజుల ముందు రద్దు చేస్తే ఆ కేకు ఎవరికీ గుర్తుండదు.

అపోహ: "ఎప్పుడైనా నా గదికి రండి" అని చెప్పాం కదా.

వాస్తవం: లైన్ మీద నిలబడినవారు వదిలి రాలేరు. మనమే వెళ్లాలి. షిఫ్టు మారిన మొదటి పావుగంట ఫోను బల్ల మీదే ఉంచి యంత్రాల మధ్య తిరుగుతాను. "అంతా బాగుందా?" అని అడిగితే "బాగుంది సార్" అనే వస్తుంది. "నిన్న ఎక్కడ ఆగింది? ఏ పనిముట్టు దొరకలేదు?" అని అడిగితే అసలు సంగతి వస్తుంది. చెప్పింది అక్కడే చిన్న పుస్తకంలో రాసుకుంటాను, మర్నాడు అదే మనిషి దగ్గరికి వెళ్లి ఏమైందో చెబుతాను. పని కాకపోతే కాలేదనే చెబుతాను.

అపోహ: కాంట్రాక్టు కార్మికుల సంగతి కాంట్రాక్టరు చూసుకుంటాడు.

వాస్తవం: కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచితే, వాళ్లను పేరుతో పిలవని చోట్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. "ఏయ్", లేదంటే "ఫలానా కాంట్రాక్టరు మనిషి". ఒడిశా నుంచి వచ్చిన ఒక కుర్రాడి పేరు పలకడం నాకు మొదట్లో రాలేదు, అతన్నే అడిగి నేర్చుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఒక తెల్లవారుజామున, సరుకు దింపే చోటుకు నేను నడుస్తుంటే అతను పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వచ్చిన కాస్త తెలుగులో, "సార్, నూనె" అని నేల చూపించాడు.