శ్రీహరికోట పచ్చదనానికి కాపలా ఎవరు?

శ్రీహరికోట అనగానే అందరికీ రాకెట్టే గుర్తొస్తుంది. టీవీలో కౌంట్‌డౌన్ నడుస్తున్నప్పుడు లాంచ్‌ప్యాడ్ చుట్టూ ముదురాకుపచ్చగా కనబడేదాన్ని ఎవరూ పట్టించుకోరు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఇసుక మేట మీద పెరిగిన ఆ అడవి మన దేశంలో మిగిలిన అరుదైన అడవి రకాల్లో ఒకటి. అటవీశాస్త్రం దాన్ని ఉష్ణమండల శుష్క సతతహరిత అడవి అంటుంది. నోరు తిరగని పేరే, కానీ విషయం సులువు. వాన తక్కువ, అయినా ఆకు రాలదు.

ఏప్రిల్‌లో నల్లమలకు వెళ్తే టేకు చెట్లు మోడువారి ఉంటాయి. అదే నెలలో కోరమాండల్ తీరంలోని ఈ అడవి పచ్చగానే ఉంటుంది. ఇక్కడ వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఎండే. సారం లేని ఇసుక నేలలో ఏటా కొత్తగా ఆకు వేసుకోవడం చెట్టుకు పెద్ద ఖర్చు. అందుకే ఉన్న ఆకునే మందంగా, నీరు ఊరికే ఆవిరైపోకుండా తయారుచేసుకుని ఎక్కువ కాలం వాడుకుంటుంది. పాల చెట్టు ఆకు పట్టుకుంటే తోలులా గట్టిగా తగులుతుంది, కొసన చిన్న నొక్కు ఉంటుంది. కాడ తుంచితే పాలు కారతాయి. పసుపు రంగు పాలపండ్లు తిన్నవాళ్లకు ఆ చెట్టును వేరే పరిచయం చేయక్కర్లేదు. దాని పక్కనే అల్లి పొద కొమ్మల నిండా గుత్తులు గుత్తులుగా నీలిపూలు పూస్తుంది. ఇవేవీ ఆకాశాన్నంటే చెట్లు కావు. పెద్దవి కూడా మహా అయితే మూడు నాలుగు అంతస్తుల ఎత్తు. కానీ కొమ్మా కొమ్మా అల్లుకుని, మధ్యలో ముళ్ల తీగలు చేరి, మనిషి దూరడం కష్టమయ్యేంత చిక్కగా ఉంటాయి.

ఒకప్పుడు ఈ అడవి తమిళనాడు తీరం వెంబడి కూడా విస్తారంగా ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల గుడి చుట్టూ ఉన్న తోపుల్లో, ఊరి దేవత పేరు చెప్పి గొడ్డలి పెట్టనిచోట ముక్కలు ముక్కలుగా మిగిలింది. శ్రీహరికోటది వేరే కథ. మద్రాసు పొయ్యిల్లోకి ఇక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో వెళ్లేది. సరుగుడు, యూకలిప్టస్ తోటలూ వేశారు. 1971లో ఇక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. రాకెట్ కేంద్రం రావడంతో దీవిలోకి రాకపోకలు కట్టుదిట్టమయ్యాయి. అడవికి అది మేలే చేసింది. ఆ అడవి మీదే బతికిన యానాదులకు మాత్రం సొంత నేల మీద స్వేచ్ఛ పోయింది. ఈ రెండో మాట చెప్పకుండా మొదటిదాన్ని మెచ్చుకోవడం సబబు కాదు.

ఇంతకీ ఈ అడవి రకానికి చట్టంలో రక్షణ ఉందా అంటే, రకంగా లేదు. 1968లో ఛాంపియన్, సేఠ్ అనే ఇద్దరు అటవీ అధికారులు దేశంలోని అడవులను 16 సమూహాలుగా విభజించారు. మన శుష్క సతతహరితం అందులో ఏడోది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇప్పటికీ ఆ లెక్కతోనే మ్యాపులు గీస్తుంది. మన చట్టాలు మాత్రం ఆ పట్టిక జోలికి పోవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువుల పేర్లు, కొన్ని మొక్కల పేర్లు రాసుకుంది. శేషాచలంలో తప్ప ఎక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీ అనే మొక్కకు అందులో చోటుంది. ఇక మిగిలింది సరిహద్దు గీత: అభయారణ్యమా, నేషనల్ పార్కా, రిజర్వ్ ఫారెస్టా? గీత లోపల ఉంటే కాపలా. బయట పడితే అది ఎంత అరుదైన రకమైనా చట్టం అడగదు.

యూరప్‌లో ఈ పని తలకిందులుగా జరిగింది. 1992 నాటి హ్యాబిటాట్స్ డైరెక్టివ్, అంటే జీవుల ఆవాసాలను కాపాడే యూరోపియన్ యూనియన్ చట్టం, అడవుల రకాలనే జాబితా కట్టింది. ఉత్తరాది టైగా, కొండచరియల లిండెన్ అడవి, స్పెయిన్, పోర్చుగల్ వైపు కార్క్ ఓక్ అడవి అన్నీ అందులో ఉన్నాయి. మరీ ప్రమాదంలో ఉన్నవాటికి నక్షత్రం గుర్తు పెట్టారు. ఒక్కో రకం ఏ స్థితిలో ఉందో ప్రతి ఆరేళ్లకూ సభ్యదేశాలు లెక్క చెప్పాలి. ఆ జాబితా ఉన్నంత మాత్రాన అక్కడ నరికివేత ఆగిపోలేదు, కోర్టుల్లో గొడవలు నడుస్తూనే ఉన్నాయి. కనీసం ఏది పోతోందో పేరుపెట్టి అడగడానికి వీలుంది.

మనకూ ఒక మినహాయింపు ఉంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు మడ అడవులను పేరుపెట్టి కాపాడతాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల బఫర్ కూడా వదలాలి. కోరింగ అభయారణ్యం గీత బయట పెరిగిన మడకూ ఇది వర్తిస్తుంది. తుపాను కెరటాన్ని మడ ఆపుతుందని తీరంలో అందరికీ తెలుసు కాబట్టే ఈ నిబంధన సాధ్యమైందని నా అనుమానం. పాల, అల్లి చెట్ల తరఫున అలా చెప్పుకోవడానికి తుపాను లేదు.

గీత బయటి అడవికి 1996లో ఊరట దొరికింది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, నిఘంటువు అర్థంలో అడవి అనిపించేదేదైనా 1980 అటవీ సంరక్షణ చట్టం కిందికే వస్తుందని చెప్పింది. 2023 సవరణ ఆ పరిధిని కుదించి, చాలావరకు నోటిఫై అయిన, రికార్డులకెక్కిన అడవులకే పరిమితం చేసింది. దాని మీద కేసు నడుస్తుండగా, పాత అర్థాన్నే పాటించమని 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రెండు మూడు ఎకరాల గుడి తోపు ఏ రికార్డులోనూ అడవిగా ఉండకపోవచ్చు. ఈ వాదన అలాంటి తోపులకే ప్రాణం మీది వ్యవహారం.

2002 జీవవైవిధ్య చట్టంలోని 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలతో మాట్లాడి ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. కర్ణాటకలో నల్లూరు చింతతోపును 2007లో అలా ప్రకటించారు. విస్తీర్ణం ఇంత ఉండాలన్న పట్టింపు ఆ సెక్షన్‌లో లేదు. తీరంలోని తోపులకు ఇప్పటికిప్పుడు అందుబాటులో ఉన్న దారి ఇదే. పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టవచ్చు.