బొంతకు ఏ రంగు దారం? అపోహలు - వాస్తవాలు

కావలిలో మా ఇంటికి బొంతల కోసం వచ్చేవాళ్లు చీరలు మూటగట్టి తెస్తారు. మూట విప్పుతూ అడిగే మొదటి మాట "ఎన్ని రోజులు పడుతుందక్కా?" రెండోది "దారం మ్యాచింగ్ మీరే తెస్తారా, మమ్మల్ని తెమ్మంటారా?" మొదటిదానికి ఏదో ఒక జవాబు చెప్పేస్తాను. రెండోదానికే కూర్చోబెట్టి మాట్లాడాల్సి వస్తుంది. కుట్టు కనపడాలా, దాగాలా? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

అపోహ: దారం బట్ట రంగులో కలిసిపోవాలి

ఇది చీరలకు ఫాల్ కుట్టించుకున్న అలవాటు. ఫాల్‌కి, జాకెట్టుకి అది సరైనదే. బొంతలో ఒకే వరస కుట్టు పసుపు రంగు పాటూరు చీర మీద మొదలై, నీలం గళ్ల లుంగీ మీదుగా పోయి, మెరూన్ అంచు దగ్గర ఆగుతుంది. ఇందులో దేనికి మ్యాచ్ చేస్తారు? ముక్క మారినప్పుడల్లా దారం మారిస్తే ముడులు పెరుగుతాయి, తిరగేసి చూస్తే వెనక వైపు గందరగోళంగా ఉంటుంది.

కుట్టు దాగాలనుకుంటే అన్ని రంగుల మధ్యా సర్దుకుపోయే దారం పట్టండి. నా డబ్బాలో ఎప్పుడూ ఉండేవి లేత బూడిద, గంధం రంగు. ముదురు చీరలు ఎక్కువుంటే బూడిద, పసుపు ఎరుపు ఛాయలు ఎక్కువుంటే గంధం. విచిత్రం ఏంటంటే, షాపులో ఈ రెండింటినీ ఎవరూ ముట్టుకోరు.

రీలును బట్ట మీద పెట్టి రంగు చూడకండి. రీలు మీద దారం పక్కపక్కనే బిగిసి ఉంటుంది కాబట్టి రంగు ముదురుగా కనిపిస్తుంది. అదే దారం ఒంటి పోగుగా బట్ట మీదికి వచ్చేసరికి లేతబారుతుంది. మూరెడు దారం లాగి, బట్ట మీద వంకరటింకరగా పడేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. రెండు ఛాయల మధ్య తేల్చుకోలేకపోతే ముదురుదే తీసుకోండి. ఇదంతా ట్యూబ్‌లైటు కింద కాదు, పగటిపూట వరండా నీడలో. లైటు కింద కవలల్లా కనపడిన దారమూ బట్టా పగటి వెలుతురులో వేరే వేరే రంగులుగా తేలడం చాలాసార్లు చూశాను. రెండింటికీ వాడిన అద్దకాలు వేరైనప్పుడు అట్టాగే అవుతుంది. మ్యాచింగ్ సెంటర్‌లో "కొంచెం బయటికి తీసుకెళ్లి చూసొస్తానన్నా" అంటే ఎవరూ కాదనరు. సిగ్గుపడొద్దు.

అపోహ: తెల్ల దారం దేనికైనా పనికొస్తుంది

లేత బట్టలకైతే నిజమే. ముదురు నీలం మీద తెల్ల కుట్టు బియ్యపు గింజలు చల్లినట్టు ఉంటుంది. అలా కావాలని వేసేవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో నీలిమందు అద్దిన బట్ట మీద తెల్లదారంతో వేసే సాషికో పని అందమంతా అదే. తెలిసి వేస్తే అందం, తెలియక వేస్తే అతుకు.

నల్లదారంతో ఇంకో చిక్కుంది. దారం అయిపోయినప్పుడు మిగిలిన తోకను పొరల మధ్యకు లాగి దాచేస్తాం కదా. పైన పల్చటి వెంకటగిరి చీర ఉందనుకోండి, లోపలున్న ఆ నల్ల తోక చీమల బారులా పైకి కనపడుతుంది. పైపొర పల్చటి లేత రంగైతే ముదురు దారం జోలికి పోవద్దు. తప్పదంటే తోకను ఏదైనా ముదురు ముక్క కిందికి తీసుకెళ్లి ముగించండి.

అపోహ: కుట్టు కనపడితే పనితనం లేనట్టు

మా అవ్వ వింటే నవ్వేది. ఆమె కుట్టిన బొంతల్లో మొదట కంటికి ఆనేది కుట్టే. చీర చిరిగిపోయినా గట్టిగా ఉన్న అంచులోంచి పోగులు లాగి, ఆ ఎరుపు, ఆకుపచ్చ పోగులతోనే కుట్టేది. బెంగాల్‌లో పాత చీరల పొరలతో కుట్టే కాంథా బొంతలకు కూడా ఒకప్పుడు ఇలా పాత చీరల అంచుల్లోంచి తీసిన దారాలే వాడేవాళ్లు.

కాకపోతే కనపడే దారం చేతి తప్పును దాచదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సాదా బట్ట మీద ఎరుపు దారం వేసి, కుట్లు పెద్దాచిన్నా అయ్యాయని ఏడుస్తుంటారు. మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు నేను చెప్పేది, "అమ్మీ, ముందు పూల చీర తెచ్చుకో." పూల మధ్య ఏ దారమైనా సగం మాయమవుతుంది, చెయ్యి కుదిరేదాకా గుట్టు బయటపడదు. వెనక పొర సంగతి మాత్రం మర్చిపోకూడదు. పైన ఎంత చక్కగా కలిసినా, వెనక తెల్ల పంచె వేస్తే ప్రతి కుట్టూ అక్కడ కనిపిస్తుంది.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే దారం రంగు దిగదు

దీనివల్ల నాకు ఒక బొంత పోయింది. పసిబిడ్డ కోసం తెల్ల పంచెలతో కుట్టి, అంచు చుట్టూ ఎరుపు దారం వేశాను. దారాన్ని ముందు రాత్రంతా గళ్లుప్పు నీళ్లలో నానబెట్టాను కదా అని ధైర్యం. ఉతికింది కార్తీకమాసంలో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు వానలు, రెండు రోజులైనా బొంత ఆరలేదు. తడి ఉన్నంతసేపూ రంగు పాకుతూనే ఉంది. ఆరేసరికి తెల్ల అంచంతా కుంకుమ నీళ్లు చల్లినట్టయింది.

తర్వాత అద్దకం పని తెలిసినాయన చెప్పాడు. నూలుకు రంగు వేసేటప్పుడు తొట్టిలో ఉప్పు కలుపుతారు, అది రంగును పోగులోకి తోస్తుంది. ఈ మాట జనంలోకి వచ్చేసరికి "ఉప్పు రంగును పట్టి ఉంచుతుంది" అని మారిపోయింది. అద్దడం అయిపోయిన దారాన్ని మన బకెట్‌లో ఉప్పు వేసి నానబెడితే రంగు గట్టిపడదు. వెనిగర్ కూడా అంతే. పట్టుకు, ఉన్నికి వాడే కొన్ని రంగుల అద్దకంలో దానికి పనుంది, నూలు దారానికి లేదు.

చేయాల్సింది పరీక్ష. జానెడు దారం తడిపి, తెల్ల గుడ్డ మడత మధ్య పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, ఆరాక మళ్లీ పరీక్షించండి. అప్పుడూ అంటితే పక్కన పెట్టేయండి. ఎరుపు, ముదురు నీలం, నలుపు దారాలకు ఇది తప్పనిసరి. ఒకవేళ బొంతకే అంటుకుంటే ఆరనివ్వకండి. వెంటనే బోలెడు నీళ్లలో సబ్బుపొడి వేసి నానబెట్టి, నీళ్లు మారుస్తూ జాడిస్తే చాలావరకు పోతుంది. నేను ఆరబెట్టి చెడగొట్టాను.

అపోహ: నంబరు పెద్దదైతే దారం లావు

సరిగ్గా తిరగబడింది. 50 కన్నా 40 లావు, 40 కన్నా 30 లావు. పెర్ల్ కాటన్‌లో, అంటే మెలితిప్పిన ఎంబ్రాయిడరీ నూలు దారంలో, 12 కన్నా 8 లావు. దీనికీ రంగుకూ సంబంధం ఉంది, అదే రంగు లావు దారంలో గట్టిగా పలుకుతుంది. కాబట్టి మంచి రంగు దొరికి, మరీ కొట్టొచ్చినట్టు ఉందనిపిస్తే రంగు మార్చక్కర్లేదు, సన్న దారం అడగండి. మెరిసే దారాలు కూడా ఇంతే, అవి ఎక్కడున్నా కనపడతాయి. దాగాలంటే మెరుపు లేని నూలు దారం.

అపోహ: దారం తగ్గితే మళ్లీ తెచ్చుకోవచ్చు

తెచ్చుకోవచ్చు, కానీ అదే రంగు రాదు. షేడ్ నంబరు ఒకటే అయినా, ఒక్కో విడతకు అద్దకంలో కాస్త తేడా వస్తుంది. అందుకే ముందే లెక్క వేసుకోవాలి. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు బొంతకు అంగుళానికో వరస అనుకుంటే 60 వరసలు, మొత్తం 5,400 అంగుళాలు. కుట్టు పైకీ కిందికీ పోయే దానికి పదో వంతు కలపండి. మూరన్నర చొప్పున దారం తెంపుకుంటే, ప్రతిసారీ ముడికీ తోకకీ నాలుగు అంగుళాలు పోతాయి. అన్నీ కలిపితే సుమారు 177 మీటర్లు. ఆంకర్ ఎంబ్రాయిడరీ దారం కట్ట 8 మీటర్లు, ఆరు పోగులు. రెండు పోగులతో కుడితే ఒక్కో కట్ట 24 మీటర్లు వస్తుంది. అంటే ఎనిమిది కట్టలు, ఒకే విడతవి, ఒకేసారి.

అయినా తగ్గితే? పాత దారంతో నడిమధ్య పూర్తి చేసి, కొత్త కట్టను చుట్టూ అంచుకు వాడండి. వరస మధ్యలో మారిస్తే తేడా గీత గీసినట్టు కనిపిస్తుంది, అంచుకు వేస్తే కావాలనే వేశారనుకుంటారు. మా మంచం మీద ఉన్న బొంత అట్టాంటిదే. "బోర్డర్ భలే సెట్ చేశావే వదినా" అని మా ఆడపడుచు మెచ్చుకుంటే, నేనేమీ మాట్లాడలేదు.