కొండ కొన మీద మంచె: ఒక్క రాత్రి నిద్ర వెనక వందేళ్ల గొడవ

సియాటిల్ వైపు ఉంటూ కొండలెక్కే పిచ్చి పట్టిన మనవాళ్లకు ఈ తంటా తెలిసే ఉంటుంది. వేసవిలో ఒక శనివారం రాత్రి అడవిలోని పాత ఫైర్ లుకౌట్‌లో, అంటే అడవి మంటల్ని కనిపెట్టడానికి కట్టిన కాపలా గదిలో, పడుకోవాలంటే చలికాలంలోనే లాప్‌టాప్ ముందు కాచుక్కూర్చోవాలి. రిక్రియేషన్ డాట్ గవ్ అనే సర్కారీ వెబ్‌సైట్‌లో చాలా లుకౌట్లకు బుకింగ్ ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది, పేరున్నవైతే తెరుచుకున్న కాసేపటికే అయిపోతాయి. తత్కాల్ టికెట్ టెన్షన్ ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంతా చేస్తే దొరికేది నాలుగు వైపులా అద్దాలున్న ఒక చెక్క గది, ఒక మంచం. కరెంటు ఉండదు, కుళాయి ఉండదు, నీళ్లు మోసుకుపోవాలి.

పిట్టల్ని తోలడానికీ, పందుల్ని తరమడానికీ మన చేలల్లో వేసే మంచె గుర్తుంది కదా. దాన్నే కొండ కొన మీద పెట్టి, చుట్టూ కిటికీలు బిగించారనుకోండి. కాపలా మాత్రం చేనుకు కాదు, కనుచూపు మేర అడవికి.

ఆ కాపలా ఒక భయంలోంచి పుట్టింది. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 1905లో ఏర్పడింది. ఆరేళ్లు తిరక్కముందే, 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో పెనుగాలి లేచి ఐడహో, మోంటానా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అప్పటికే అక్కడక్కడా రగులుతున్న మంటలన్నిటినీ ఒక్కటి చేసింది. దాదాపు 30 లక్షల ఎకరాలు బూడిదైంది. కనీసం 85 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే. వాలెస్ అనే ఊరి దగ్గర ఎడ్ పులాస్కీ అనే రేంజర్ తన మనుషుల్ని ఒక పాత గని సొరంగంలోకి తోసి, పారిపోబోయిన వాళ్లకు పిస్తోలు చూపించి ఆపాడు. లోపల ఐదుగురు చనిపోయారు, మిగిలినవాళ్లు బతికారు. ఒక వైపు గొడ్డలి, ఇంకో వైపు తవ్వుకోలగా ఉండే పనిముట్టును ఇవాళ్టికీ అక్కడి అగ్నిమాపక సిబ్బంది అతని పేరుతోనే పిలుస్తారు.

ఆ దెబ్బతో, అడవిలో నిప్పు ఎక్కడ కనబడినా శత్రువే అన్న పట్టుదల శాఖలో బలపడింది. అంతకు ముందు తరతరాలుగా అక్కడి ఆదివాసులు చిన్న చిన్న మంటలు పెట్టి ఎండుటాకుల్నీ పొదల్నీ తగ్గించుకునేవాళ్లన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1935లో ఏకంగా ఒక రూలే పెట్టారు: మంట సంగతి తెలిసిన మర్నాడు ఉదయం 10 గంటల్లోగా అది అదుపులోకి రావాలి. రావాలంటే ముందు కనబడాలి. కనబడాలంటే కొండకొక మనిషి ఉండాలి.

అందుకు కావలసిన చేతులు ఆర్థిక మాంద్యం పుణ్యాన దొరికాయి. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగ యువకుల కోసం పెట్టిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ కుర్రాళ్లు లుకౌట్లను వరసగా కట్టుకుంటూ పోయారు. ఎక్కువగా కట్టిన నమూనా 14 అడుగుల చదరం గది. చెక్కలన్నీ ముందే కోసి, కట్టలు కట్టి, కంచరగాడిదల మీద కొండెక్కించి, పైన బిగించేవాళ్లు. ఇలా దేశమంతా కలిపి ఎనిమిది వేలకు పైగా లేచాయి. ఒక్క ఐడహోలోనే వెయ్యికి దగ్గర.

గది నడుమ ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్ అనే పరికరం ఉండేది. గుండ్రటి బల్ల మీద ఆ ప్రాంతం మ్యాపు, దాని చుట్టూ తిరిగే చూపుగొట్టం లాంటి ఏర్పాటు. పొగ వైపు దాన్ని తిప్పి డిగ్రీలు చదివి ఫోన్లో చెప్పాలి. ఇంకో కొండ మీది కాపలాదారు కూడా తన డిగ్రీలు చెబితే, రెండు గీతలూ కలిసిన చోటే నిప్పు. పిడుగులు పడే రాత్రి షాకు తగలకుండా, కాళ్లకు గాజు తొడుగులున్న స్టూలు ఎక్కి నిలబడేవాళ్లు. ఈ పని మగవాళ్లకే అనుకుంటున్న రోజుల్లో, 1913లో, కాలిఫోర్నియాలోని ఎడ్డీ గల్చ్ లుకౌట్‌లో హాలీ డాగెట్ చేరింది. ఫారెస్ట్ సర్వీస్‌లో ఈ కాపలాకు కుదిరిన మొదటి ఆడమనిషి ఆమే. ఒక్క సీజన్‌తో సరిపెట్టుకోలేదు, ఏళ్ల తరబడి వేసవి రాగానే మళ్లీ కొండెక్కేది.

రెండో ప్రపంచ యుద్ధంలో కొన్ని లుకౌట్లలో చలికాలం కూడా మనుషుల్ని పెట్టి శత్రువుల విమానాల కోసం ఆకాశం చూడమన్నారు. యుద్ధం తర్వాత విమానాలే ఈ ఉద్యోగాన్ని మింగేశాయి. పైనుంచి ఒక్క చుట్టు తిరిగితే పది కొండల పని అయిపోతుంటే జీతమిచ్చి మనిషిని కూర్చోబెట్టడం దండగ అనిపించింది. ఖాళీ గదులు కూలితే ఎవరికైనా దెబ్బలు తగులుతాయని చాలావాటిని శాఖవాళ్లే దగ్గరుండి తగలబెట్టారు. అవును, నిప్పు కనిపెట్టడానికి కట్టినవాటిని నిప్పుతోనే వదిలించుకున్నారు. మిగిలినవాటిలో కొన్నిటిని అద్దెకివ్వడం మొదలుపెట్టాక వచ్చిందే ఇప్పటి బుకింగుల పోటీ.

అసలు గొడవ ఇంకో చోట ఉంది. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం, వైల్డర్‌నెస్‌గా గుర్తించిన అడవుల్లోకి మనిషి చూసిపోవడానికి రావచ్చు గానీ ఉండిపోకూడదు. కొత్త కట్టడాలు, మోటార్లు, హెలికాప్టర్లు కూడదు. ఆ అడవి నిర్వహణకు తప్పనిసరైన కనీస అవసరం ఉంటేనే మినహాయింపు. మరి అలా గీసిన హద్దుల లోపల అప్పటికే నిలబడి ఉన్న లుకౌట్ల మాటేమిటి?

వాషింగ్టన్ రాష్ట్రంలో గ్లేసియర్ పీక్ వైల్డర్‌నెస్‌లో ఉన్న గ్రీన్ మౌంటెన్ లుకౌట్ విషయంలో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. 1933లో కట్టిన గది శిథిలమైతే విప్పి బాగుచేసి, 2009లో హెలికాప్టర్‌తో మళ్లీ పైకి చేర్చారు. వైల్డర్‌నెస్ వాచ్ అనే సంస్థ దావా వేసింది. అంత యంత్రాంగం వాడటం చట్టానికి విరుద్ధమనీ, కట్టడాన్ని తీసేయాలనీ 2012లో ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పారు. చట్టం చదివితే ఆ తీర్పులో నాకు తప్పు కనబడదు. కానీ కొండ కింద డారింగ్టన్ ఊరివాళ్లకు అది తమ గుర్తు. తీసేయొద్దంటూ వాళ్ల తరఫున పెట్టిన బిల్లు కాంగ్రెస్‌లో నానుతుండగా, 2014 మార్చి 22న దగ్గర్లోని ఓసోలో కొండచరియ విరిగిపడి 43 మంది చనిపోయారు. దుఃఖంలో ఉన్న ప్రాంతానికి ఊరటగా బిల్లు చకచకా గట్టెక్కింది. ఏప్రిల్‌లో ఒబామా సంతకం పెట్టారు. ఆ ఒక్క గదికి మాత్రం ఎసరు తప్పింది, చట్టంలోని చిక్కు అలాగే ఉంది.

అదే జిల్లాలో త్రీ ఫింగర్స్ అనే శిఖరం మీద ఇంకో లుకౌట్ ఉంది, అదీ వైల్డర్‌నెస్ లోపలే. దానికి బుకింగ్ లేదు, ముందు చేరినవాళ్లదే గది. మంచు దాటి, చివర్న రాతికి ఆనించిన నిచ్చెనలు ఎక్కాలి. 1930ల మొదట్లో దాన్ని కట్టేటప్పుడు పైన గది పట్టేంత చదును చోటు లేక, డైనమైట్ పెట్టి శిఖరం కొననే పేల్చేశారు.